ఉస్తాద్ బల్ల మీద మామిడి పలక

కొయ్యపని నేర్చుకుంటున్న కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మీరు చేసిన వాటిలో అన్నిటికంటే పెద్ద పని ఏదని అడుగుతారు. ఏ నవాబు దేవిడీ తలుపుల సంగతో చెక్కడం పని సంగతో చెప్తాననుకుంటారు. నాకు బాగా గుర్తున్నది మాత్రం ఒక మామిడి పలక. నాలుగు మూరల పొడవు, మూర వెడల్పు. దాన్ని ఇంకొకరి పనిబల్ల మీద పరిచాను. దాని మీద చెక్కడం లేదు, రంగు లేదు. గాట్లు పడి పాడైపోవడానికే చేసిన వస్తువు అది. దాని వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చేవాడినే, కొద్దిలో తప్పింది. మీరూ రేపు ఎవరి పక్కనో నిలబడి పనిచేయవలసిన వాళ్లు గనక ఆ సంగతి చెప్పాలనిపించింది.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. నాకు ఇరవై నాలుగేళ్లు. మాది కందుకూరు వైపు ఒక పల్లె. నాగళ్లు, బండి చక్రాలు చేయడం మా నాయన దగ్గర నేర్చుకుని, పెళ్లయ్యాక శంషాబాద్‌లో స్టేషన్‌కు దగ్గరగా ఉన్న ఒక కొయ్య కార్ఖానాలో చేరాను. పదిమందిమి పనిచేసేవాళ్లం. బడులకు బల్లలు, దవాఖానలకు మందుల పెట్టెలు, స్ట్రెచర్లు చేసి పంపేవాళ్లం. ఇనుము యుద్ధానికి పోతోంది. మేకులు కూడా దొరకడం కష్టమైంది. అందుకని అతుకులన్నీ కొయ్యలో కొయ్యనే బిగించి చేయాలి. ఒక కర్రకు ఉలితో రంధ్రం తొలిచి, రెండో కర్ర కొసను దానికి సరిగ్గా పట్టేలా చెక్కి దిగగొట్టడం. చెప్పడానికి ఇంతే.

ఆ పనిలో మా అందరికీ పెద్ద మా ఉస్తాద్. అరవైకి దగ్గరలో ఉన్న తురక పెద్దమనిషి. పట్నం పాతబస్తీలో పుట్టి, పెళ్లితో శంషాబాద్ చేరినవారు. తెలుగు, ఉర్దూ రెండూ ఒకే మాటలో కలిపి మాట్లాడేవారు. నాకు నాగలి చేయడం వచ్చుగానీ సన్నపని రాదు. రెండేళ్ల పాటు ఆయన నన్ను తన బల్లకు ఎదురుగా నిలబెట్టుకుని నేర్పారు. ఒక్కసారి కూడా చెయ్యి చేసుకోలేదు. పని బాగా లేకపోతే ఆ చెక్కను తీసుకుని కిటికీలో పెట్టేవారు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ దాన్ని చూసేవారు. అంతకంటే రెండు దెబ్బలు కొడితే బాగుండేదనిపించేది.

ఆయన బల్ల టేకుది. ఆయన తన ఉస్తాద్ దగ్గర నుంచి తెచ్చుకున్నది. స్ట్రెచర్ కర్రకు రంధ్రం తొలిచేటప్పుడు ఉలి అటు నుంచి ఇటు దిగి కింద బల్లను తాకుతుంది. మా బల్లలన్నీ అందుకే గుంటలు పడి కోళ్లు గీకిన నేలలా ఉండేవి. ఆయన బల్ల మాత్రం నున్నగా ఉండేది. కర్ర అవతలి అంచు వచ్చేసరికి ఆయన చెయ్యి తనంతట తానే ఆగిపోయేది.

అలాంటి బల్ల మీద మొదటి గాటు నేను చూసిన రోజు ఏమీ అనుకోలేదు. వారంలో నాలుగు కనిపించాయి. తర్వాత కర్ర పెట్టే చోటుకు బల్ల మీద గీసుకున్న పెన్సిలు గీతకు పక్కగా, అసలు ఉలి పోగూడని చోట గాట్లు పడ్డాయి. ఆయన చెక్కను కిటికీ దగ్గరికి తీసుకుపోయి ముక్కుకు ఆనించి చూస్తున్నారు. పెన్సిలు పక్కనే ఉన్నా బల్లంతా తడుముతున్నారు. నాకు మెల్లగా అర్థమైంది.

ఒకరోజు ఆయన మధ్యాహ్నం రొట్టెల గిన్నె మరిచిపోతే వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్యను నేను చాచీ అనేవాణ్ణి. గిన్నె చేతికిస్తూ ఆమె గొంతు తగ్గించింది.

"బేటా, అక్కడ పని మంచిగనే చేస్తుండా?"

"చేస్తున్రు చాచీ. ఎందుకు?"

"ఇంట్ల గ్లాసుల నీళ్లు పోస్తే పక్కకు పోతున్నయ్. అడిగితే కోపం చేస్తుండు. నువ్వు జర చూస్తుండు."

చూస్తుంటానని మాట ఇచ్చాను. ఎలా చూడాలో నాకు తెలియదు. కార్ఖానా మేనేజర్ కోస్తా మనిషి. సముద్రం ఒడ్డున పడవలు కట్టే చోట కుర్రతనంలో రంపం పట్టి, తర్వాత కుర్చీ ఎక్కినవాడు. ఇస్త్రీ కోటు, మెత్తని మాట. నిజాం రోజులు గనక మాకు శుక్రవారం సెలవు. శనివారం పొద్దున ఆయన ఒక్కొక్క బల్ల దగ్గర ఆగి, పనిముట్లు, బల్ల, చేసిన సరుకు చూసేవాడు. నేను చేరిన ఏడాదే ఒక ముసలాయన చేతులు వణుకుతున్నాయని మేనేజర్ ఇంటికి పంపేశాడు. గౌరవంగానే పంపాడు, కానీ పంపేశాడు. ఆ ముసలాయన ఆ తర్వాత రోజూ వచ్చి స్టేషన్ బెంచీ మీద కూర్చుని మా కార్ఖానా వైపు చూసేవాడు. అది నేను మరిచిపోలేదు.

అందుకే నాకు ఆ పలక ఆలోచన వచ్చింది. బల్ల మీద ఇంకో పలక పరిస్తే గాట్లన్నీ దాని మీద పడతాయి. పాడైతే తీసేసి కొత్తది వేయవచ్చు. ఉస్తాద్‌తో మాత్రం వేరేగా చెప్పాను.

"ఉస్తాద్, యుద్ధం ముగిసేదాంక గిసొంటి టేకు మళ్ల దొరకదు. మీది నుంచి ఒక మామిడి పలక వేస్త. బల్ల పదిలంగ ఉంటది."

ఆయన అరచేత్తో బల్లను ఒకసారి నిమిరారు. "వెయ్యి," అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు వింతగా తోచింది. ఆ వింత గురించి ఇంకాస్త ఆలోచించి ఉంటే బాగుండేది.

మొదటిసారి ఎక్కడో దాచుకున్న నాలుగు మేకులతో పలక బిగించాను. తలలు లోపలికి దిగేలా కొట్టాను. వారానికి మామిడి అరిగి ఒక తల పైకి తేలింది. ఆయన ఉలి దానికి తగిలి అంచు విరిగింది. ఆయన ఉలిని వేలితో తడిమి చూసుకుని, నా వైపు తిరిగి, "బల్లకు మేకు కొడ్తరా బేటా? మనం చెప్పులు కుట్టేటోళ్లమా?" అన్నారు. మేకులు పీకేశాను. టేకులో నాలుగు రంధ్రాలు మిగిలాయి. బల్లను కాపాడతానని బయలుదేరి చేసిన మొదటి పని అది.

రెండోసారి మైదా బంకతో అంటించాను. వాన పడిన నాలుగో రోజు పలక అప్పడంలా లేచింది. మూడోసారి బుర్ర పెట్టాను. పలక అడుగున రెండు చివరలా అడ్డంగా బద్దెలు వేసి, అవి బల్ల అంచులను పట్టుకుని కిందికి దిగేలా చేశాను. ఒక చివర బద్దెకూ బల్లకూ మధ్య వేలెడంత సందు వదిలి, అందులో ఒక చెక్క చీలిక దిగగొట్టాను. పలక కదలదు. చీలికను వెనక నుంచి ఒక్క దెబ్బ కొడితే చాలు, పలక చేతికి వస్తుంది. మేకు లేదు, బంక లేదు. శనివారం మేనేజర్ చూసి, "బాగుందయ్యా. అన్ని బల్లలకూ ఇలాగే వేయండి," అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను.

ఇక అక్కడి నుంచి నా దొంగపని మొదలైంది. గురువారం అందరూ వెళ్లాక ఉస్తాద్ బల్ల మీద పలక విప్పి, బద్దెలు ఊడదీసి, తిరగేసి మళ్లీ బిగించేవాణ్ణి. రెండు పక్కలా పాడైతే కొత్త పలక వేసేవాణ్ణి. శనివారం మేనేజర్ వచ్చేసరికి ఆయన బల్ల పెళ్లిపీటలా ఉండేది. అక్కడితో ఆగినా బాగుండేది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, ముందురోజు ఆయన తొలిచిన రంధ్రాలు చూసేవాణ్ణి. వంకరగా ఉన్నవాటిని ఉలితో గీకి తిన్నగా చేసేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో నా భార్యకు కూడా చెప్పలేదు. అంత పెద్ద పనివాడి పనిని నేను దిద్దుతున్నానని లోపల కొంచెం గర్వం కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గు లేదు.

మూడు నెలలు అలా నడిచింది. అప్పుడు దవాఖానలకు ముప్పై స్ట్రెచర్లు కావాలని పని వచ్చింది. మొదటి ఆరు తయారు కాగానే బుద్వేల్‌లోని ఒక చిన్న దవాఖానకు బుధవారం పంపేశాం. శనివారం మేనేజర్ మిగిలినవి చూడటానికి వచ్చాడు. రెండు కర్రలను అడ్డకర్రలతో కలిపి, మధ్యలో కాన్వాసు బిగించి ఉంది. ఒకదాన్ని నేల మీద పెట్టించాడు.

"బరువు ఆగుతుందో లేదో చూద్దాం. నేనే పడుకుంటాను, ఎత్తండి," అన్నాడు.

మేనేజర్ భారీ మనిషి. కోటు విప్పి పక్కన పెట్టి పడుకున్నాడు. ఇద్దరు ముందు, ఇద్దరు వెనక పట్టి నడుము దాకా ఎత్తారు. నాలుగు అడుగులు వేశారు. ఐదో అడుగుకు కాళ్ల వైపు అడ్డకర్ర రంధ్రంలోంచి జారి వచ్చింది. కాన్వాసు ఒక్కసారిగా మడిచిన సంచిలా అయి, మేనేజర్ నేల మీద పడ్డాడు. కింద చెక్కపొట్టు దండిగా ఉంది కాబట్టి దెబ్బ తగల్లేదు. పైకి లేచి జుట్టులోంచి పొట్టు దులుపుకున్నాడు. ఎవ్వరూ నవ్వలేదు. ఊడిన కర్ర చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ అతుకు ఎవరు చేశారు?"

అది ఉస్తాద్ బల్ల మీద నుంచి వచ్చిందని నాకు తెలుసు. "నేనే సాబ్," అన్నాను.

"జర ఆగు," అన్నారు ఉస్తాద్ తన బల్ల దగ్గర నుంచే. నెమ్మదిగా నడిచి వచ్చారు. "ఆ పెద్ద కర్ర నా చేతికియ్యిండ్రి."

కర్ర ఇచ్చారు. ఆయన దాన్ని చూడలేదు. రంధ్రంలో వేలు పెట్టి నాలుగు వైపులా తిప్పారు.

"సాబ్, దీన్ని తొలిచింది నేను," అన్నారు. "వంకరగ తొలిచిన. కానీ తొలిచినప్పుడు గిట్ల వదులు లేకుండె. తర్వాత ఎవరో గీకి సక్కగ చేసిన్రు. చూసేటందుకు సక్కగైంది, పట్టు పోయింది."

ఆయన నా పేరు చెప్పలేదు. మేనేజర్ నా వైపు చూశాడు. తర్వాత ఉస్తాద్ బల్ల దగ్గరికి నడిచాడు. మామిడి పలక మీద చెయ్యి పెట్టాడు. అది గురువారం నేను తిరగేసినది.

"ప్రతి శనివారం ఈ ఒక్క బల్లే కొత్తగా ఎందుకుంటుందో నాకు అర్థం కాలేదు," అన్నాడు. "ఇది తిరగెయ్యవయ్యా."

సుత్తి తీసుకుని చీలిక మీద కొట్టాను. రెండు సార్లు తప్పి మూడోసారి తగిలింది. పలక విప్పి తిరగేశాను. అడుగు పక్కంతా గాట్లు. పెన్సిలు గీతలున్న చోట గాటు లేదు, గాటున్న చోట గీత లేదు. పనిచేసేవాళ్లందరూ వచ్చి చూశారు. రంపం పట్టినవాడికి దాన్ని ఎవరూ చదివి చెప్పనక్కర్లేదు. నేను దాచిందంతా నా చేత్తోనే పది మంది ముందు పరిచినట్టయింది.

"సాబ్, నా కండ్ల ముందర పొగ కమ్మి ఏడాదిన్నరైంది," అన్నారు ఉస్తాద్. "పొద్దున నేనొచ్చేసరికి నా బల్ల కింద నేను చెయ్యని పొట్టు ఉంటుండె. కాళ్లకు తగిలేది. ఎవరు చేస్తుండ్రో నాకెరుకే. చెప్తే ఇగ ఇంటికి పొమ్మంటరని ఊకున్న. తప్పు వాడిది సగం, నాది సగం."

ఆయనకు మొదటి నుంచీ తెలుసు. నేను ఆయనను కాపాడుతున్నానని అనుకుంటుంటే, ఆయన నా చాటున నిలబడటానికి ఒప్పుకుని రోజూ ఆ సిగ్గు మింగుతున్నారు. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి, మూడు నెలలు ఒకరికొకరం చెప్పుకోలేదు.

మేనేజర్ మమ్మల్ని తిట్టలేదు. "బుద్వేల్‌కు పోయిన ఆరు ఎవరు చేశారు?" అని మాత్రం అడిగాడు.

"ఉస్తాద్ చేసిన్రు సాబ్. నేను దిద్దిన."

"ఆరూ దిద్దావా?"

"ఏవేవి దిద్దిన్నో యాదికి లేదు."

"పదండి," అన్నాడు మేనేజర్.

పెట్రోలు దొరకని రోజులు. కార్ఖానా లారీ బొగ్గు గ్యాసుతో నడిచేది. వెనక ఉన్న పీపాలో బొగ్గు రాజుకుని బండి కదిలేసరికి అరగంట పట్టింది. ఆ అరగంట నేను లారీ చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. ఉస్తాద్ తానూ వస్తానన్నారు. "మీ కండ్లతోని అది దొరకది. నా వేలు కావాలె," అన్నారు. మేనేజర్ ఆయనను డ్రైవర్ పక్కన కూర్చోబెట్టి, తాను నాతో పాటు వెనక ఎక్కాడు. ఎత్తు రాగానే లారీ నడిచే మనిషికంటే మెల్లగా పోయేది. దిగి పరుగెత్తాలనిపించింది.

బుద్వేల్ దవాఖాన రెండు గదులది. కాంపౌండర్ బయటికి వచ్చాడు. ఐదు స్ట్రెచర్లు గోడకు ఆనించి ఉన్నాయి, చుట్టిన గడ్డి ఇంకా విప్పలేదు. ఉస్తాద్ ఒక్కొక్కదాన్నీ తడిమారు. అడ్డకర్రను పట్టుకుని ఊపి చూశారు. మూడు బాగున్నాయి. రెండు వదులు. నా గీకుడే.

"ఆరోది ఏది?" అన్నాడు మేనేజర్.

"ఇందాకనే తీస్కపోయిన్రు సాబ్," అన్నాడు కాంపౌండర్. "ఒకాయన తాటిచెట్టు మీది నుంచి పడ్డడు. తోట్ల నుంచి మోస్కొస్తున్రు. అగో, అక్కడ."

దూరంగా మట్టిదారి మీద నలుగురు స్ట్రెచర్ మోసుకుని వస్తున్నారు. మనిషి దాని మీద కదలకుండా ఉన్నాడు. ఆపి కింద పెట్టమని అరుద్దామనుకున్నాను. కానీ గబుక్కున దింపితే ఆ కుదుపుకే అతుకు ఊడొచ్చు. పరుగెత్తాను. మేనేజర్ కూడా పరుగెత్తాడు. ఆయన పరుగెత్తగలడని నేను ఎన్నడూ అనుకోలేదు. నేను కాళ్ల వైపు అడ్డకర్ర కింద రెండు అరచేతులూ పెట్టాను. మేనేజర్ తల వైపు పెట్టాడు. నడుములు వంచి స్ట్రెచర్‌తో పాటు పక్కకు పక్కకు నడవసాగాం.

ముందు మోస్తున్న ఆయన విసుక్కున్నాడు. "ఎవరన్నా మీరు? కాళ్లల్ల కాళ్లు పెడ్తున్రు?"

"నడువు అన్నా, ఆగకు. జర మెల్లగ నడువు," అన్నాను.

స్ట్రెచర్ మీది మనిషి కళ్లు తెరిచే ఉన్నాయి. నాకంటే చిన్నవాడు. కాలు మోకాలి కింద వంకరపోయి ఉంది. నన్ను చూసి, "అన్నా, దవాఖాన వచ్చిందా?" అని అడిగాడు.

"వచ్చింది తమ్మీ. అగో, కనిపిస్తుంది."

నా చేతి కింద ఆ కర్ర ప్రతి అడుగుకూ కిర్రుమంటోంది. ఆ దారి రెండు వందల అడుగులు కూడా ఉండదు. నా జీవితంలో అంత పొడుగు దారి నేను మళ్లీ నడవలేదు. లోపలికి తెచ్చి మంచం పక్కన దించి, అతన్ని మంచం మీదికి చేర్చాక గానీ నేను చేతులు తీయలేదు. డాక్టర్ వచ్చి కాలు చూసి ఎముక విరిగిందన్నాడు. కట్టు కడితే రెండు నెలల్లో నడుస్తాడన్నాడు.

ఖాళీ అయిన స్ట్రెచర్‌ను వరండాలోకి తెచ్చాం. ఉస్తాద్ నేల మీద కూర్చుని నాలుగు అతుకులూ తడిమారు. కాళ్ల వైపు దాని దగ్గర ఆగారు. ఊపారు. అది కదల్లేదు. రెండు చేతులతో లాగారు. రాలేదు. ఆయన ముఖంలో మెల్లగా వెలుగు వచ్చింది.

"దీన్ని నువ్వు ముట్టలేదు బేటా."

వంగి చూశాను. రంధ్రం వంకరగా ఉంది. అడ్డకర్ర ఒక పక్కకు ఒరిగి, చూడటానికి అసహ్యంగా ఉంది. కానీ పట్టు ఇనుములా ఉంది. కళ్లు కనపడకపోయినా ఆయన చేతులు బిగువు మరిచిపోలేదు. వంకరవాటిలో నేను పొద్దున హడావుడిలో చూడకుండా వదిలేసింది అదొక్కటే. అదే మనిషిని మోయడానికి పోయింది.

నేను వరండా మెట్టు మీద కూలబడ్డాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మేనేజర్ నా పక్కనే కూర్చున్నాడు. ఆయన ఇస్త్రీ చొక్కా చెమటకు వీపుకంటుకుపోయింది. కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు.

"నువ్వు చెడ్డవాడివైతే నాకు సులువుగా ఉండేదయ్యా," అన్నాడు. "నీలాంటి మంచివాళ్లతోనే నాకు భయం. ఎక్కడ ఏం దాస్తారో తెలియదు."

తర్వాత ఉస్తాద్ వైపు తిరిగాడు. "మిస్త్రీగారూ, మీరు రేపటి నుంచి పనికి రావద్దు."

ఉస్తాద్ తల ఊపారు. నాకు స్టేషన్ బెంచీ మీది ముసలాయన కళ్ల ముందు మెదిలాడు. లేచి ఏదో అనబోయాను. మేనేజర్ చెయ్యెత్తి ఆపాడు.

"నా మాట పూర్తి కానివ్వండి. పట్నంలో కంటి ఆసుపత్రికి వెళ్లండి. నాకు తెలిసిన డాక్టరు ఉన్నారు, ఉత్తరం రాసిస్తాను. మీ కంట్లో పొర నాకు ఇక్కడికే కనిపిస్తోంది. మా నాన్నగారికీ ఇలాగే వచ్చింది. ఆయన మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. రెండు కళ్లూ పోయాయి. మీరు తిరిగి వచ్చేదాకా మీ బల్ల మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వను."

ఉస్తాద్ స్ట్రెచర్ కర్ర మీద వేళ్లు ఆడిస్తూ కూర్చున్నారు. "కంట్ల కత్తి పెడ్తరంట గదా సాబ్?" అన్నారు చివరికి, చిన్నగా. అంతకుముందు ఆయన భయపడటం నేను చూడలేదు.

"పెడతారు. వాళ్ల ఉలి మీ ఉలికంటే సన్నగా ఉంటుంది," అన్నాడు మేనేజర్.

ఉస్తాద్ నవ్వారు. ఒప్పుకున్నారు.

ఆ వారమంతా నేను మిగిలిన స్ట్రెచర్ల అతుకులన్నీ ఊడదీసి మళ్లీ చేశాను. బుద్వేల్ నుంచి తెచ్చిన రెండూ చేశాను. ఒక్కొక్కదాని మీద నేనే పడుకుని, ఎత్తించుకుని, కార్ఖానా చుట్టూ తిప్పించుకున్నాను. తోటివాళ్లు నన్ను మోస్తూ, "ఏం రోగమన్నా నీకు?" అని నవ్వేవాళ్లు. ఆ నవ్వు నాకు ఎంతో హాయిగా ఉండేది. మేనేజర్ పలకల గురించి కొత్త నియమం పెట్టాడు. ఏ పలక తీయాలన్నా తనకు రెండు పక్కలా చూపించి తీయాలి. గాట్లున్నందుకు ఎవరినీ ఏమీ అనడు. గాట్లు లేకపోతే మాత్రం ఆగి చూస్తాడు.

ఆపరేషన్ తర్వాత ఉస్తాద్‌ను పది రోజులు వెల్లకిలా పడుకోబెట్టారు. తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు, రెండు కళ్లకూ కట్టు. అప్పట్లో అలాగే చేసేవారు. శుక్రవారం బండెక్కి పట్నం పోయి ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. కార్ఖానాలో ఎవరు ఏం చేస్తున్నారో ఒక్కొక్కటీ అడిగేవారు. కట్టు విప్పాక కూడా మసకగానే ఉందని చాచీ చెప్పింది. అద్దాలు పెట్టేదాకా ఏమీ చెప్పలేమని డాక్టర్ అన్నాడట. కన్ను మానడానికి రెండు నెలలు ఆగాలి. ఆ రెండు నెలలు ఆమె నమాజులో ఏమి అడిగిందో నాకు తెలియదుగానీ, నేను మాత్రం మా ఊరి పోచమ్మకు మొక్కుకున్నాను.

ఆయన ఆ తర్వాత ఇంకా తొమ్మిదేళ్లు పనిచేశారు. కన్నుకూ చేతికీ మళ్లీ లెక్క కుదరడానికి మొదట కొన్ని నెలలు పట్టింది. అన్నీ దగ్గరికి వచ్చినట్టు, పెద్దవైనట్టు కనిపించేవట. ఉలి అందుకోబోయి గాలిని పట్టుకునేవారు. తర్వాత అలవాటైంది. నా పనిలో ఆయన పట్టుకున్న తప్పుల సంఖ్య ఎంతగా పెరిగిందంటే, కొన్నాళ్లు కిటికీలో ఇంకెవరి చెక్కకూ చోటుండేది కాదు.

కానీ ఇప్పటికీ తలుచుకుంటే నాకు మనసు తేలికయ్యేది అద్దాలు పెట్టిన రోజు. ఆసుపత్రి గదిలో ఆయన స్టూలు మీద కూర్చున్నారు. నేనూ చాచీ గోడకు ఆనుకుని నిలబడ్డాం. డాక్టర్ ఒక ఇనుప చట్రం ఆయన ముక్కు మీద పెట్టి, ఒక్కొక్క అద్దమే మారుస్తున్నాడు. బాగుందా అంటే లేదన్నారు. ఇంకొకటి, లేదన్నారు. చాచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సీసా అడుగంత మందమున్న అద్దం ఒకటి పెట్టాడు.

ఉస్తాద్ ముందు తన చేతులు ఎత్తి చూసుకున్నారు. అటూ ఇటూ తిప్పి, వేళ్లు మడిచి విప్పి చూసుకున్నారు. తర్వాత తల తిప్పి చాచీని చూశారు. చాలాసేపు చూశారు. ఆమె సిగ్గుపడి తల మీద కొంగు సర్దుకుంది. అప్పుడు నా వైపు తిరిగారు. కింది నుంచి పైదాకా పరకాయించి చూసి, కనుబొమలు ముడిచారు.

"ఏందిరా గది?" అన్నారు. "మీసమెప్పుడు పెంచినవ్?"

"ఏడాది దాటింది ఉస్తాద్," అన్నాను.

"మంచిగలేదు. తీసెయ్యి."

ఆ సాయంత్రమే శంషాబాద్‌లో బండి దిగి, ఇంటికి పోకముందే మంగలి దగ్గర కూర్చున్నాను.